బావిలో పోసిన బూడిద

చచ్చిన ఎర్రావు మెడలోని పలుపు విప్పి మణికండన్ దాని వెనక కాళ్ళకు బిగించాడు. రెండో కొసను ట్రాక్టరు కొక్కానికి ముడివేస్తున్నాడు.

"వద్దు మణీ. ఒక్క మాట విను" అంది శాలిని.

ఒక చేత్తో కూతురు కీర్తికను పట్టుకుని, రెండో చేతిలో ఆసుపత్రికి సర్దుకున్న సంచీతో ఆమె కొట్టం ముందు నిలబడి ఉంది. అన్న ఇటుకలు పోసే చాంబరుకు వెళ్ళీ వెళ్ళగానే వదిననూ పాపనూ కంబైనల్లూరు దాకా బండి మీద దింపి, ధర్మపురి బస్సు ఎక్కిస్తానని మాట ఇచ్చినవాడు ఈ మరిదే. భర్త గోకుల్ చాంబరుకు వెళ్ళాడు. సంచీ సర్దడమూ అయింది. కానీ తెల్లారి కొట్టం తలుపు తీసేసరికి ఆవు కాళ్ళు చాపి పడి ఉంది.

"బస్సు పోతాది మణీ."

"ఇంకో బస్సు వస్తాది. ముందు దీన్ని ఈడ్చుకపోయి నీ మొగుని చాంబర్లో పడేస్తా. కండ్లారా చూడనీ ఆయప్పను."

"చూసి ఏం చేస్తాడు? నిన్ను కొడతాడు. నువ్వు తిరిగి కొడతావు. దాంతో నా బిడ్డకు జుట్టు మొలుస్తాదా?"

మణికండన్ చేతులు ఆగాయి. పాప వైపు చూశాడు.

కీర్తిక తలకు శాలిని పూల చేతిగుడ్డ కట్టింది. దాని కింద నెత్తి అక్కడక్కడ నున్నగా బయటపడి ఉంది. ఈ ఎండాకాలమంతా దువ్వెన పెడితే చాలు, పాయలు పాయలుగా ఊడి వచ్చింది. వేలిగోళ్ళ మీద తెల్లటి గీతలు లేచాయి. తిన్నది కడుపులో నిలవడం లేదు. పళ్ళికూడంలో పిల్లలు గుడ్డ లాగేసి నవ్వుతున్నారని బడికి పోవడమే మానేసింది.

"ఆ బిడ్డ కోసమే పోతా ఉండా వదినా" అన్నాడు మణికండన్. "ఈ పొద్దు ఆవు. రేపు ఎవరు?"

ట్రాక్టరు ఒక్క కుదుపుతో కదిలింది. ఎర్రావు తల కొట్టం గడప రాయికి దబ్బున తగిలి, పక్కకు తిరిగి, మట్టిలో గీత గీసుకుంటూ వెళ్ళింది. కీర్తిక తల్లి కొంగులో ముఖం దాచుకుంది. శాలిని మాత్రం చూపు తిప్పుకోలేకపోయింది. వెంట్రుకలన్నీ రాలి బోడి తాడులా అయిన తోక, నిలువునా చీలిన గిట్టలు. ఆ గిట్టలతోనే పాపం నిన్నటిదాకా కుంటుకుంటూ మేతకు పోయింది.

నిన్న సాయంత్రం పశువుల డాక్టరు కలైయరసన్ ఆ గిట్టను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఇంటి వెనక బావి చూపించమన్నాడు.

అది మామ సుబ్బరాయప్ప బతికుండగా తవ్వించిన రాతి బావి. నీళ్ళు ఇంకిపోయి ఏళ్ళయింది. థర్మల్ ప్లాంటు నుంచి లారీల్లో బూడిద తెప్పించి గోకుల్ ఇటుకలు పోస్తాడు. ఇటుకకు పనికిరాని తడి బూడిద, గరుకు బూడిద అంతా ఆ బావిలో పోయిస్తున్నాడు. అది నిండితే పైన చదును చేసి ఇటుకలు ఆరబెట్టే కళ్ళం పెంచుకోవాలని అతని ఆలోచన. బావి పక్కనే ఇంటి బోరు. ఆ బోరు నీళ్ళు పారే మణికండన్ టమాటా చేలో ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడుతున్నాయి.

"బొగ్గు అంటే ఏమనుకుంటారమ్మా?" అన్నాడు డాక్టరు. "భూమి అడుగున మట్టితో, రాతితో కలిసి మగ్గినది. ఆ మట్టిలో రాతిలో ఉన్నవన్నీ పిసరంత పిసరంత దాంట్లో ఉంటాయి. ఆర్సెనిక్, సెలీనియం, సీసం, పాదరసం. కాలేది బొగ్గే, అవి కాలవు. కొంత పొగలో పోతుంది. మిగతాదంతా బూడిదలో దిగుతుంది. కొండంత కాల్చి గుట్టంత మిగిలితే, కొండలో ఉన్నది గుట్టలోకి వచ్చి కూర్చున్నట్టే."

"అయితే దీన్ని చంపతా ఉండేది అదేనా?" అన్నాడు మణికండన్.

"తోక, గిట్టలు చూస్తే నాకు సెలీనియం మీద అనుమానం. రక్తం పరీక్ష కానిదే ఖాయంగా అనను." ఆయన కీర్తిక తలగుడ్డ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "పాపను ధర్మపురి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఇంటి చుట్టూ ఈ బూడిద ఉందని డాక్టరుతో తప్పకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్ళకు తట్టదు."

ఆ మాట చెప్పడానికే గోకుల్ ఒప్పుకోవడం లేదు. "ఆస్పత్రిలో సాంబల్, బూడిద అన్న మాట నీ నోట్లో నుంచి వచ్చిందంటే మరుసటి రోజే ఆఫీసర్లు వచ్చి చాంబరుకు సీలు పెడతారు. ఎండకు ఊడిందని చెప్పు. షాంపూ పడలేదని చెప్పు" అన్నాడు రాత్రి. "అబద్ధం చెప్పి నా బిడ్డకు మందు తెచ్చుకోనా?" అని ఆమె అడిగినందుకు పెదవి చిట్లింది. ఇప్పుడు మాట్లాడితే ఆ గాయం లాగుతోంది.

ట్రాక్టరు మోత దూరమైంది. కొట్టంలో నీళ్ళ చప్పుడు వినిపించింది.

అత్త పాపక్క కుడితి తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. కొబ్బరి పీచుతో లోపలంతా రుద్దుతోంది. నీళ్ళు పోస్తోంది, మళ్ళీ రుద్దుతోంది.

"అత్తా, చచ్చిపోయిన ఆవు తొట్టి ఇప్పుడెందుకు కడగతా ఉండావు?"

పాపక్క చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

శాలిని దగ్గరకు వెళ్ళి తొట్టిలోకి వంగి చూసింది. అడుగున, మూలల్లో, మెత్తగా మన్నంటి మడ్డి. తవుడు రంగు కాదు. సిమెంటు రంగు. వేలితో తీసి చూసింది. మునివేళ్ళ మధ్య పిండిలా జారింది.

"ఇదేంది?"

"ఏమి లేదు. దుమ్ము."

"అత్తా!"

పాపక్క పీచు కింద పడేసింది. "పురుగుకని" అంది తల ఎత్తకుండానే. "కడుపులో పురుగు పడకుండా కుడితిలో పిడికెడు బూడిద వేస్తారు. మా అమ్మ వేసేది. మా అత్త వేసేది. నేనూ వేసినా."

"ఏ బూడిద?"

"ఏ బూడిద ఏందే? బూడిదే."

"ఇంట్లో కట్టెల పొయ్యి లేదు గదా. గ్యాస్ వచ్చినాక నీకు బూడిద యాడిది?"

పాపక్క చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఆమె నడుము దగ్గర కొంగు మూట కట్టిన చోట చీర రంగు వెలిసి బూడిద మరక పట్టి ఉంది. ఆ మరకను శాలిని ఎన్నిసార్లు ఉతికిందో. చాంబరు నుంచి గాలికి వచ్చిన దుమ్మనుకుంది.

"గోకుల్ కుప్పలోదా?"

"కుప్పలోదే. ఎంత బాగుంది అనుకుంటివి? బొగ్గు ముక్క ఉండదు, పుల్ల ఉండదు. జల్లించే పనే లేదు. మైదాపిండి మాదిరి ఉండె. నా బిడ్డ ఇంటి దగ్గరే ఇంత పోస్తా ఉండాడే అని సంతోషపడినా. కుడితిలో వేసినా. చిక్కుడు పాదుకు పేను పడితే చల్లినా. అనప విత్తనాలకు పూసి కుండలో పెట్టినా. అంట్లు తోమినా. ఎప్పుడూ చేసేదే గదే. చెట్టు బూడిద ఏమి చేస్తాదని?"

"అది చెట్టుది కాదత్తా. బొగ్గుది."

"నాకేం తెలుసు! నిన్న ఆ డాక్టరు అరవంలో గడగడా చెప్తా ఉంటే నాకు చెమటలు పట్టె. నా చేత్తో నేనే పెట్టినాను గదా అని." పాపక్క కోడలి కాళ్ళ దగ్గరకు జరిగి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. "మణికి చెప్పద్దే. వాడు ఆ ఆవును నోటి కూడు తీసి సాకినాడు. చెప్పద్దు తల్లీ."

శాలిని తొట్టి అంచు పట్టుకుంది.

ఊళ్ళో అందరికీ రుజువుగా చూపించడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఆ చచ్చిన ఆవు ఒక్కటే. బావి పక్క బోరు నీళ్ళు తాగి చచ్చిందంటే గోకుల్ కొంతైనా తగ్గేవాడు. పాపను ఆసుపత్రికి పోనిచ్చేవాడు. ఇప్పుడీ సంగతి తెలిస్తే విరగబడి నవ్వుతాడు. ఆవును చంపింది అమ్మ, నా బావి కాదు అంటాడు. తెలియకపోతే, అక్కడ అన్నదమ్ములిద్దరూ ఆ బావి మీదే తలలు పగలగొట్టుకుంటారు.

చాంబరు వైపు నుంచి ఇటుకలు కూలిన చప్పుడు వచ్చింది. ఒకసారి. మళ్ళీ. ఆడవాళ్ళ కేకలు.

"పాపను పట్టుకో. వాకిలి దాటనీయద్దు" అని శాలిని సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

* * *

మణికండన్ ఆవును తిన్నగా పచ్చి ఇటుకల వరుసల మీదుగానే లాగాడు. నిన్న పోసినవన్నీ ముద్దలు ముద్దలుగా నలిగి ఉన్నాయి. ఇటుకల మెషీను ముందు ఎర్రావు పొట్ట ఉబ్బి, నాలుక బయటపెట్టి పడి ఉంది. దాని మీద అప్పుడే ఈగలు ముసిరాయి. మణికండన్ గడ్డపార రెండు చేతులా ఎత్తి ఆరిన ఇటుకల దొంతుల్లో పొడుస్తున్నాడు. ఒక్కో దొంతి కూలినప్పుడల్లా బూడిద దుమ్ము లేస్తోంది.

పనివాళ్ళు రేకుల షెడ్డు కింద గుంపుగా నిలబడ్డారు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న కన్నియమ్మ శాలినిని చూసి ఎదురొచ్చింది.

"పోవద్దు చిన్నమ్మా. ఇద్దురూ మనుషుల మాదిరి లేరు."

గోకుల్ పార పట్టుకుని వచ్చాడు. పార వెనక వైపుతో తమ్ముడి వీపు మీద కొట్టాడు. మణికండన్ ఇటుకల మీద బోర్లా పడ్డాడు. లేవబోతుంటే గోకుల్ డొక్కలో తన్నాడు.

"నా నోట్లో మన్ను కొడతావా? ఎన్నేండ్లు కష్టపడి నిలబెట్టినానురా దీన్ని! నువ్వు గాలికి తిరగతా ఉంటే నేను ఈ దుమ్ములో ఊపిరి తీసినా!"

"నువ్వు మా అందరి నోట్లో బూడిద కొట్టినావే!" మణికండన్ అన్న కాలు పట్టి లాగాడు. ఇద్దరూ కింద పడ్డారు. దొర్లారు. ఎవరి గుప్పిలి ఎవరి ముఖం మీద పడుతోందో తెలియలేదు. మణికండన్ తలతో ఒక్క గుద్దు గుద్దేసరికి గోకుల్ ముక్కులోంచి రక్తం చొక్కా మీదకు కారింది.

"విడిపించండి! చూస్తా ఉండారే!" అని అరిచింది శాలిని.

ఎవరూ కదల్లేదు. ఆమే ఇద్దరి మధ్య దూరింది. ఒక మోచేయి ఆమె గొంతుకు తగిలింది. ఆమె దగ్గుతూ కూలబడ్డాక గానీ వాళ్ళు విడిపోలేదు.

గోకుల్ ముక్కు తుడుచుకున్నాడు. చేతి మీది రక్తం చూసుకున్నాడు. "ఊరంతా ఈ ఇటుకలతోనే ఇండ్లు కట్టుకుంటా ఉండారు. ఎవడు చచ్చినాడు? గవర్మెంటే సాంబల్ వాడుకోండి అంటా ఉండాది."

"ఇటుకలో దాని విషాన్ని సిమెంటు పట్టుకుంటాది, సరే" అన్నాడు మణికండన్. "బావిలో ఏమి పట్టుకుంటాది? ఆ బోరు నీళ్ళేగా పాప తాగేది?"

"నీ ఆవు బోరు నీళ్ళతో చచ్చిందని ఎవడు చూసినాడు? నీ వదిన చెప్పిందా?" గోకుల్ భార్య వైపు తిరిగాడు. "ఏమే, నువ్వేనా వీన్ని ఎగదోసింది? చెప్పు. బోరు నీళ్ళతోనే చచ్చిందా?"

శాలిని నోరు తెరిచింది. మాట రాలేదు.

మణికండన్ ఆమె వైపు ఆశగా చూస్తున్నాడు. గోకుల్ కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు. పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఆమె మౌనంలో ఎన్ని రకాలున్నాయో అతనికి తెలుసు.

"దీనికి ఏమో తెలుసు" అన్నాడు మెల్లిగా. "దాస్తా ఉండాది."

అప్పుడే బావి వైపు నుంచి హారను మోగింది. డ్రైవరు అన్నామలై నిండు టిప్పరును వెనక్కు నడిపిస్తూ బావి గట్టుకు ఆనించాడు. పొద్దున్నే రమ్మని గోకుల్ చెప్పిన లోడు. చాంబర్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. దిగి, టార్పాలిన్ తాడు విప్పి లాగేశాడు. తడి బూడిద ఎండకు మెరిసింది.

మణికండన్ లేచాడు. కుంటుతూ, ఇటుక ముక్కలు తొక్కుకుంటూ బావి దగ్గరకు పోయాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్ల మీద ఒక్కొక్క అడుగు వేస్తూ లోపలికి దిగాడు. సగానికి పైగా నిండిన బావిలో, మోకాళ్ళ దాకా బూడిదలో దిగబడి నిలబడ్డాడు.

"పోయ్!" అని అరిచాడు కిందనుంచి. "నా మీద పోయ్. పోసి చదును చేసుకో. నీ కళ్ళం పెంచుకో!"

"రేయ్, పైకి రా!"

"రాను! ఈ లోడు పోయనని పాప మీద ఒట్టు వేసి చెప్పు. వదినను ఆస్పత్రికి పోనీ. అప్పుడు వస్తా!"

గోకుల్ బావి గట్టున అటూ ఇటూ నడిచాడు. పనివాళ్ళంతా చూస్తున్నారు. లారీ డ్రైవరు చూస్తున్నాడు. ఆ చూపులే అతన్ని రెచ్చగొడుతున్నాయని శాలినికి అర్థమైంది.

"ఏమండీ," అంది చెయ్యి పట్టుకుని. "లారీ వెనక్కు పంపించండి. నేను పాపను తీసుకుని పోతా. మీరేమీ మాట్లాడద్దు. అంతే. మీ కాళ్ళకు మొక్కుతా."

గోకుల్ ఆమెను చూశాడు. ఒక్క క్షణం ముఖం మెత్తబడింది. నిజంగానే మెత్తబడింది. శాలిని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ క్షణం ఉందనే అనిపించింది.

కానీ వెనకనుంచి పాపక్క గొంతు వినిపించింది.

"వానిది తప్పు లేదురా మణీ. పైకి రా. ఆవును చంపింది నేను."

మనవరాలి చెయ్యి పట్టుకుని ఆమె గట్టు దగ్గరకు వచ్చి నిలబడింది. కొంగు ముడి విప్పింది. గుప్పెడు బూడిద కింద రాలింది.

"కుడితిలో నేనే వేసినా. పురుగుకని. రోజూ వేసినా."

మెషీను పట్టీ ఒకటి ఊరికే తిరుగుతోంది. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

గోకుల్ నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని. ముక్కు రక్తం పెదవుల మీదకు కారుతున్నా ఆగలేదు.

"విన్నావా రా! మన అమ్మే! నా సాంబలూ కాదు, నా బావీ కాదు. చెయ్యి అమ్మది! దీనికా నా ఇటుకలన్నీ పగలగొట్టినావు?" భార్య వైపు తిరిగాడు. "ఇది నీకు తెలుసు! తెలిసీ నోరు మూసుకుని నిలబడినావు!"

చాచి కొట్టాడు. రాత్రి చిట్లిన పెదవి మళ్ళీ చిట్లింది.

బావిలోంచి మణికండన్ గొంతు వచ్చింది. అరుపు కాదు.

"అమ్మా. నిజమేనా?"

"నిజమే నాయినా."

"ఆ బూడిద యాడినుంచి తెచ్చినావు?"

"కుప్పలోదే."

"ఆ కుప్ప ఎవురిది?"

పాపక్క పెద్దకొడుకును చూసింది. తల దించుకుంది. షెడ్డు కింద కన్నియమ్మ ముక్కుకున్న తువ్వాలు తీసేసి, పక్కనున్న ఆడమనిషితో ఏదో అంది. ఇద్దరూ తమ చేతులు చూసుకున్నారు.

"చెప్పమ్మా! ఎవురిది?"

గోకుల్ నవ్వు ఆగిపోయింది. రెండంగల్లో టిప్పరు దగ్గరకు పోయి తలుపు తెరిచాడు. అన్నామలై అడ్డం పడ్డాడు.

"వద్దయ్యా ముదలాళీ. మనిషి ఉండాడు లోపల."

"వాడే వస్తాడు పైకి. నాలుగు గంపలు పడితే వాడే వస్తాడు. తప్పుకో."

"నా బండి. నేను ఎత్తను."

"నువ్వెందుకురా ఎత్తేది?" గోకుల్ అతన్ని కాలర్ పట్టి కిందికి లాగేసి, సీట్లోకి ఎక్కాడు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. లివరు లాగాడు.

టిప్పరు తొట్టె ముందు భాగం మూలుగుతూ లేచింది.

శాలిని ఎలా పరుగెత్తిందో ఆమెకు తెలియదు. క్యాబిన్ మెట్టు మీద ఒక కాలు, కడ్డీ మీద ఒక చెయ్యి. "ఆపండి! ఆపండి!" గోకుల్ ఆమె గుండెల మీద తన్నాడు. ఆమె కింద పడింది. చేతికి సగం విరిగిన ఇటుక తగిలింది. మళ్ళీ ఎక్కింది. లివరు మీదున్న అతని మణికట్టు మీద ఆ ఇటుకతో కొట్టింది. ఒకసారి కొడితే వదల్లేదు. రెండోసారి కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినిపించింది.

గోకుల్ కేక పెట్టి చెయ్యి వదిలేశాడు. అన్నామలై రెండో వైపునుంచి దూరి లివరు వెనక్కు తోశాడు. కానీ అప్పటికే వెనక తలుపు తెరుచుకుని తడి బూడిద ఒక్క ఊపున జారింది. బరువుగా, బుస్సుమని.

పాపక్క కేక ఆకాశాన్నంటింది.

కన్నియమ్మే అందరికంటే ముందు కదిలింది. టార్పాలిన్ తాడు బావిలోకి విసిరింది. ఇద్దరు మగవాళ్ళు రాతి మెట్ల మీదుగా దిగి చేతులతో తోడారు. ముందు జుట్టు కనిపించింది. తర్వాత నుదురు, ముక్కు. ముఖం తుడిచేసరికి మణికండన్ నోటినిండా ఉన్న బూడిదను కక్కి, గాలి పీల్చాడు. తాడు చంకల కింద కట్టి పైకి లాగి గట్టున పడుకోబెట్టారు. కళ్ళు తెరవలేకపోతున్నాడు. దగ్గినప్పుడల్లా బూడిద రంగు జిగురు బయటికొస్తోంది.

బతికే ఉన్నాడు.

కీర్తిక అక్కడే నిలబడి ఉంది. ఏడవడం లేదు. తలగుడ్డ ఎక్కడో జారిపోయింది. ఆ బోడి నెత్తి మీద కూడా దుమ్ము పడి ఉంది. చిన్నాన్న నోట్లోంచి వస్తున్నదాన్నే రెప్ప వేయకుండా చూస్తోంది.

"చిన్నాన్నకు కూడా అవ్వ పళ్ళు తోమిందా అమ్మా?" అని అడిగింది.

గట్టున మరిది పక్కన కూర్చున్న శాలిని లేచి నిలబడింది.

"అత్తా," అంది. "పాపకు ఏం చేసినావు?"

పాపక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నిన్నే అడగతా ఉండేది. పాపకు ఏం చేసినావు?"

"పేస్టు మంట అని ఏడ్చేది" అంది పాపక్క వేళ్ళ సందుల్లోంచి. "ఉప్పు కలిపి, వేలితో, మెత్తగా... నా పండ్లు చూడవే. ఈ వయసుకు ఒక్కటి ఊడలే. బూడిదతోనే గదా నేను తోమింది. దానికీ అట్లే ఉండాలని..."

"రోజూనా?"

పాపక్క తల ఊపింది.

"మింగేదా?"

"చిన్నపిల్ల. ఉప్పగా ఉంటే మింగదా?"

శాలిని ఇక అడగలేదు. కూతుర్ని ఎత్తి చంకన వేసుకుంది. ఏడేళ్ళ పిల్ల ఇంత తేలికగా ఎప్పుడైపోయిందో. టిప్పరు దగ్గరకు నడిచి పాపను క్యాబిన్లోకి ఎక్కించి, తనూ ఎక్కింది.

"అన్నామలై, ధర్మపురి ఆస్పత్రికి పో. మణినీ ఎక్కించండి."

మగవాళ్ళు మణికండన్‌ను లేపుతున్నారు. అన్నామలై స్టీరింగు ముందు కూర్చుని అద్దంలోంచి ముందుకు చూశాడు. ఆగిపోయాడు.

అందరూ బావి మీద వంగినప్పుడే క్యాబిన్ దిగిన గోకుల్ ఇప్పుడు లారీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. విరిగిన చెయ్యి రెండో చేత్తో గుండెకు అదిమి పట్టుకున్నాడు.

"దిగు" అన్నాడు.

"నా బిడ్డ సాంబల్ మింగింది. ఇంకా దిగమంటావా?"

"నా బిడ్డ కాదా? నేనే తీసుకపోతా. నేనే మాట్లాడతా డాక్టరుతో. నువ్వు నోరు విప్పద్దు."

"నువ్వు ఏం చెప్తావు? షాంపూ అని చెప్తావా?"

అతను కళ్ళు దించుకున్నాడు. దారి మాత్రం వదల్లేదు.

"ఉన్నదంతా చెప్తా" అంది శాలిని. "కుప్ప చెప్తా, బావి చెప్తా, అత్త చెయ్యి చెప్తా. ఏ ఒక్కటి దాచినా వాండ్లకు తట్టదు. తప్పుకో."

ఆ మాటతో పాపక్క ఉలిక్కిపడింది. మణికండన్ పక్కనుంచి లేచింది. అటూ ఇటూ చూసింది. తూలుతూ నడిచి వచ్చి పెద్దకొడుకు పక్కన, లారీ బంపరుకు ఆనుకుని నిలబడింది.

"నా పేరు చెప్పద్దే శాలినీ" అంది చేతులు జోడించి. "మనవరాలికి విషం పెట్టిందని పోలీసోళ్ళు నన్ను ఈడ్చుకపోతారు. ఊరు నా మొగాన ఉమ్ముతాది. నువ్వు చెప్పనంటేనే నేను కదిలేది."

"అమ్మా, తప్పుకో!" అని మణికండన్ గట్టు మీదనుంచి అనబోయాడు. దగ్గు తప్ప మాట రాలేదు. మగవాళ్ళు అతన్ని మోసుకొచ్చి క్యాబిన్లోకి ఎక్కించారు.

తల్లీకొడుకులిద్దరూ లారీ ముందు పక్కపక్కనే నిలబడ్డారు. కీర్తిక తల్లి ఒళ్ళో వాంతి చేసుకుంది. ఆ వాంతిలో సన్నటి ఎర్రటి చార ఉంది.

అన్నామలై అది చూశాడు. శాలిని వైపు తిరిగాడు. "అమ్మా, ఏం చేసేది?"

"అవ్వ ముందర ఉండాది అమ్మా" అంది కీర్తిక.

శాలిని అరచేత్తో కూతురి కళ్ళు మూసింది.

"బండి పోనీ" అంది.

అన్నామలై గేరు వేశాడు.